తుఫాను ఓడలో చెయ్యెత్తిన రోజు

జపాను వెళ్ళొచ్చానని తెలిసినవాళ్ళంతా మొదట అడిగేది మంచుకొండ చూశావా, గులాబీరంగు పూలచెట్లు చూశావా అని. రెండూ చూడలేదు. ఉన్నది అయిదు రోజులు, అందులో రెండు రోజులు ఒకే పార్కులో ఒకే ఓడ చుట్టూ తిరిగాను. "అంత దూరం పోయి ఉయ్యాల చూసొస్తివా అక్కా?" అని మా తమ్ముడు మునిరాజు పడీపడీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ. నేను వెళ్ళిందే ఉయ్యాల చూడడానికి. మాది ఉయ్యాల మీద బతికే ఇల్లు.

హొసకోటె, చింతామణి, కోలారు వైపు జాతరలకీ ఎగ్జిబిషన్లకీ వెళ్ళినవాళ్ళు మా ఓడను చూసే ఉంటారు. రెండు కొసలా సింహం తలలు, పొట్ట మీద నీలంరంగు అలలు, పక్కన 'కొలంబస్' అని ఎర్రటి అక్షరాలు ఉంటాయి. ఇటునుంచి అటు ఊగుతుంది, జనం గొంతు చించుకుని అరుస్తారు. మా ఆయన పోయాక దాన్ని నేనూ మునిరాజూ నడుపుతున్నాం. వాడు మోటారు దగ్గర ఉంటాడు, నేను మెట్ల దగ్గర ఉంటాను. అందరూ కూర్చున్నాక ఒక్కో వరస మీదికి అడ్డకడ్డీ దించుతాం. కడ్డీ సరిగ్గా పడితే రెండు కొసల్లోనూ కొక్కెం పడి టక్, టక్ అని రెండు చప్పుళ్ళు వస్తాయి. అన్ని వరసలూ విన్నాక, అప్పటిదాకా పైకెత్తి పట్టుకున్న చెయ్యి దించుతాను. నా చెయ్యి దిగితేనే మునిరాజు మోటారు వేస్తాడు. రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టానంటే ఆపెయ్యమని. జనరేటరు మోతలో, పాటల హోరులో నోటిమాట వినబడదు కాబట్టి మాకు చేతులే మాటలు.

పోయినేడు హొసకోటె ఎగ్జిబిషన్లో యలహంక నుంచి వచ్చిన శారద అనే అమ్మాయి, ఆరేళ్ళ కూతురు హర్షితను ఎత్తుకుని మెట్ల దగ్గర నిలబడింది. పాప ఏడుస్తోంది. "ఒక్క రౌండే అక్కా, ఒళ్ళో కుచ్చోబెట్టుకుంటా, గట్టిగా పట్టుకుంటా" అని బతిమాలింది. ఒళ్ళో పిల్లల్ని ఎక్కించకూడదు. అది మాకందరికీ తెలుసు, అందరమూ ఎక్కిస్తాం. పండగపూట ఏడుస్తున్న బిడ్డను చూసి కాదనడానికి మనసొప్పదు. నేనూ ఎక్కించాను. కడ్డీ దించితే ఆ వరసలో ఒక్కటే టక్ వచ్చింది. రెండోది రాలేదు. వినబడీ వినబడనట్టు కాదు, రాలేదని నాకు ఖాయంగా తెలుసు. కింద క్యూలో ఈలలు వేస్తున్నారు, తొందరగా కానీ అని కేకలు వేస్తున్నారు. మధ్యలో పాప ఉంది కదా, కడ్డీ కాస్త ఎత్తుగా నిలిచిందిలే అనుకుని చెయ్యి దించేశాను.

నాలుగో ఊపుకి కడ్డీ లేచిపోయింది. పాప తల్లి చేతుల్లోంచి జారి కింద పలకల మీద పడింది. ప్రాణానికేం కాలేదు కానీ మోచెయ్యి విరిగింది, లోపల కమ్మీ వేశారు. ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాం, కేసు లేకుండా పెద్దమనుషులు మాట్లాడారు. అదంతా ఒక ఎత్తు. ఆస్పత్రి వరండాలో శారద అత్త కోడలి మీద విరుచుకుపడింది. "వద్దు వద్దంటాంటే ఎగేసుకుంటా పోతివి గదే! బిడ్డను నీ చేతులారా నువ్వే పడేస్తివి!" అంది. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. రెండో టక్ రాలేదన్న సంగతి తమ్ముడికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. తప్పంతా ఆ తల్లి నెత్తిన పడింది, నేను పడనిచ్చాను.

ఆ తర్వాత ఓడను విప్పి షెడ్డులో పడేశాం. ఈ ఏడు మళ్ళీ నిలబెడదామని మునిరాజు రోజూ గొణుగుతున్నాడు. నేను ఏ మాటా చెప్పలేదు. నా చెవులు బాగానే ఉన్నాయి, నా చెయ్యి మీదే నమ్మకం పోయింది. అలాంటి రోజుల్లో, బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో పనిచేసే నా కూతురు లావణ్యను ఆఫీసువాళ్ళు నెల రోజులకి టోక్యో పంపారు. అక్కడి నుంచి ఫోన్లో ఒక పార్కు చూపించింది. రేవులు, ఓడలు, జలాంతర్గాములు, దీపస్తంభాలు, అంతా సముద్రపు వ్యవహారమే. వాటి మధ్యలో ఒక పెద్ద ఓడ అచ్చం మా కొలంబస్ లాగే ఊగుతోంది.

"టికెట్ తియ్యి. వస్తాండా" అన్నాను.

"అమ్మా, నువ్వు మెడ్రాసు కూడా సరిగ్గా చూడలా, డైరెక్టుగా జపానా?" అని ఆశ్చర్యపోయింది.

వాళ్ళు మనుషుల్ని ఎలా ఎక్కిస్తారో, అనుమానం వస్తే ఎలా ఆపుతారో నా కళ్ళతో చూడాలి. చూశాకే మా ఓడను నిలబెట్టాలో పాత ఇనుముకి వెయ్యాలో తేలుస్తానని మునిరాజుకి చెప్పి విమానం ఎక్కాను.

తనలో తాను మాట్లాడుకునే ఉద్యోగి

మొదటి రోజు రైల్వే స్టేషన్లోనే నాకు మతిపోయింది. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒక నడివయసు ఉద్యోగి ప్లాట్‌ఫారం అంచున నిలబడి, ఖాళీ పట్టాల వైపు వేలు చూపించి ఏదో గట్టిగా అన్నాడు. తర్వాత రైలు తలుపుల వైపు వేలు చూపించి మళ్ళీ అన్నాడు. ఎదురుగా మనిషి లేడు. చెవిలో ఫోను లేదు.

"పాపం, ఏమాయెనో ఏమో. చూస్తే బాగానే ఉండాడు" అన్నాను లావణ్యతో.

"అమ్మా ప్లీజ్, అట్ల స్టేర్ చేయద్దు! అది వాళ్ళ పద్ధతి. తలుపు మూసుకునిందా లేదా అని ఊరికే చూస్తే చాలదంట. వేలు పెట్టి చూపించి, నోటితో చెప్పాలంట. అప్పుడు తప్పు పోదు" అంది.

"ఎవరికి చెప్తాండాడు?"

"ఎవరికీ కాదు. తనకి తానే."

నేను అక్కడే నిలబడిపోయాను. మూడు రైళ్ళు వచ్చి వెళ్ళాయి. మూడుసార్లూ ఆ మనిషి వేలు చూపించాడు, మూడుసార్లూ చెప్పాడు. రోజుకి ఎన్ని వందల రైళ్ళో! విసుగు లేదు, మొక్కుబడి లేదు. పట్టించుకునేవాళ్ళు ఒక్కరూ లేరు, ఆయనకి ఆ ధ్యాసే లేదు. లావణ్య నా రెక్క పట్టుకుని లాగింది. నాలుగో రైలులో మేం ఎక్కాం.

ఆ రైల్లో మాట్లాడేవాళ్ళు లేరు. బెంగుళూరు బస్సులో అయితే హెబ్బాళ దాటేలోపు పక్కావిడ కోడలి సంగతులు కూడా తెలిసిపోతాయి. ఇక్కడ నేను తుమ్మితే నలుగురు తలెత్తి చూశారు. ఆకలేసి సంచిలోంచి చట్నీపొడి డబ్బా తీయబోతే లావణ్య కళ్ళతోనే గద్దించింది. ఆ సాయంత్రం ఒక కొట్లో త్రికోణంగా నొక్కిన అన్నం ముద్ద కొనిపెట్టింది. మన డబ్బులో నూరు రూపాయలుంటుందేమో. బయట నల్లటి సముద్రపు ఆకు, లోపల ఉప్పులో ఊరిన పుల్లటి పండు. ఉత్త సద్దిముద్దకి ఇంత సోకా అనుకుంటూ మొదలుపెట్టి మూడు తిన్నాను. చట్నీపొడి అద్దుకుంటే ఇంకా బాగుంది.

ఉప్పు లేని సముద్రం

రెండో రోజు పొద్దున్నే పార్కుకి వెళ్ళాం. మనిషికి అయిదారు వేలు టికెట్! మా ఓడకి అరవై రూపాయలు అడిగితే జనం గలాటా చేస్తారు. ఇక్కడ గేటు తెరవకముందే వేలమంది బారులు తీరారు, వాళ్ళలో తోసుకునేవాళ్ళు లేరు. మా ముందున్న ముసలావిడ చిన్న చాప పరచుకుని కూర్చుంది. నేను కాలు మార్చి కాలు మీద నిలబడడం చూసి, పక్కకి జరిగి చాప సగం నాకిచ్చింది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. ఇద్దరం మోకాళ్ళు చూపించుకుని, నొప్పులని ముఖాలు పెట్టుకుని, తృప్తిగా నవ్వుకున్నాం.

లోపల అడుగుపెడితే ఎదురుగా పెద్ద రేవు. రాతి ఇళ్ళు, తాళ్ళు కట్టిన పడవలు, దూరంగా మూడంతస్తుల పాత ఆవిరి ఓడ. ఆ ఓడ కదలదట, లోపల హోటలు నడుపుతున్నారు. పడవల్లో వెళ్ళేవాళ్ళకి ఒడ్డున ఉన్నవాళ్ళు చేతులు ఊపుతున్నారు. ఎవరికెవరు? ఎందుకూపాలి? అనుకుంటూనే నేనూ ఊపాను. ఒక పడవ నిండా జనం తిరిగి ఊపారు. అబ్బ, ఎంత సంబరమనిపించిందో!

పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి మెడ్రాసులో చూశాను సముద్రం. అందుకని ఇది నిజం సముద్రమా, కట్టుకథా తేల్చుకుందామని మెట్లు దిగి, రేవు నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. తల తిప్పేసరికి చీపురూ చేటా పట్టుకున్న పార్కు అమ్మాయి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. సంచిలోంచి చిన్న తడిగుడ్డ పొట్లం తీసి, చెయ్యి తుడుచుకోమని రెండు చేతులతో అందించింది. లావణ్య మొహం దాచుకుంది. మధ్యాహ్నం సోయా వాసన వేసే పేలాలు తిన్నాం. దానికంటే మన బొరుగులూ ఉల్లిపాయలూ వందరెట్లు నయం. ఈ మాట మాత్రం ఎవరొచ్చి అడిగినా చెప్తాను.

జలాంతర్గామి ఎక్కాం, లాంతర్ల పడవ ఎక్కాం. ఎక్కినచోటల్లా నా చూపు గోడల మీద బొమ్మల వైపు పోలేదు, పనివాళ్ళ చేతుల వైపే పోయింది. ఇక్కడా అదే పద్ధతి. ప్రతి సీటుకీ వేలు చూపించి నోటితో చెప్తున్నారు. సాయంత్రానికి, ఫోన్లో చూసిన ఆ ఊగే ఓడ దగ్గరికి చేరాం, దాని పేరు తుఫాను ఓడట. లావణ్యని కాఫీకి పంపేసి, కటకటాలు పట్టుకుని గంటన్నర అలాగే చూశాను. మా ఓడకి రెండింతలుంది. వరసలు, కడ్డీలు అన్నీ మాలాగే. పనిచేసేది నలుగురు. రౌండుకి ముందు, అంతా సరిగ్గా ఉందని నలుగురూ నాలుగు మూలల నుంచి చేతులెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా అవతల గదిలోని మనిషి మీట ముట్టుకోడు. నేను చూసినంతసేపూ ఒక్కరౌండుకి కూడా వాళ్ళు తొందరపడలేదు.

"రేపు మళ్ళీ రావాల. దీన్లో ఎక్కాల" అన్నాను లావణ్య రాగానే.

"అమ్మా, రేపు గుడి చూపిస్తా అనుకున్నా కదా?"

"గుడి యాడికీ పోదు."

రెండు సెంటీమీటర్లు

మూడో రోజు తుఫాను ఓడ క్యూలో మా ముందు ఒక తెలుగు కుటుంబం కనిపించింది. తండ్రి, తల్లి, చిన్న పాప. మెట్ల దగ్గర రంగు రంగుల కొలతకర్ర ఉంది. పాప తల దానికి కొద్దిగా కిందికే ఉంది. పాపను చూసి పనమ్మాయి నేల మీద మోకాళ్ళేసి కూర్చుని, చిరునవ్వుతో తల అడ్డంగా ఊపింది.

"జస్ట్ టూ సెంటీమీటర్స్!" అని తండ్రి బేరం మొదలుపెట్టాడు. "షీ విల్ సిట్ ఆన్ మై ల్యాప్. నో ప్రాబ్లం!" అన్నాడు.

ఒళ్ళో కూర్చోబెట్టుకుంటానన్న మాట వినగానే నేను ఒక అడుగు ముందుకేసి ఆ అమ్మాయి వైపే చూశాను. ఆ అమ్మాయి వంగి దణ్ణం పెట్టింది, కుదరదంది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ వంగింది, మళ్ళీ కుదరదంది. గొంతు పెంచలేదు, నవ్వు తగ్గించలేదు, దారి ఇవ్వలేదు. జేబులోంచి ఓడ బొమ్మ ఉన్న అట్టముక్క తీసి, దాని మీద ఏదో రాసి పాప చేతికిచ్చింది. ఎత్తు పెరిగాక రా, ఓడ నీకోసం ఇక్కడే ఉంటుందని రాసిందట. ఏడుపు ముఖం పెట్టిన పాప దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసుకుంటోంది.

ఆయనకి మాత్రం మండిపోయింది. నా బొట్టూ చీరా చూసి నావైపు తిరిగాడు. "చూసిన్రా ఆంటీ? ఇంత దూరమొచ్చినం, రెండు సెంటీమీటర్లకి ఆపేసిన్రు. మన దగ్గరైతే అడ్జస్ట్ చేస్తరు."

"చేస్తాం నాయనా. నేనూ చేసినా. అందుకే బిడ్డ చెయ్యి విరిగింది" అన్నాను.

"మీరేం చేస్తరు ఆంటీ?" అన్నాడాయన.

"ఇదే పని. ఇట్లాంటి ఓడే నడుపుతా, హొసకోటెలో."

ఆయన భార్య పాపను దగ్గరికి లాక్కుంది. లావణ్య నావైపు వింతగా చూసింది. హర్షితను నేను 'అడ్జస్ట్' చేశానన్న మాట అది నా నోట ఎప్పుడూ వినలేదు.

చెయ్యెత్తడం

ఎక్కాం. మేం నాలుగో వరస. నా పక్కన లావణ్య, మా ముందు వరసలో ముసలి దంపతులు. కడ్డీ దిగింది. మా వరసలో టక్, టక్. కళ్ళు మూసుకుని విన్నాను. వెనక వరసలో టక్, టక్. ముందు వరసలో టక్.

అంతే. ఒక్కటే.

సరిగ్గా అప్పుడే మైకులో ఏదో ప్రకటన మోగింది. అందులో రెండోది కలిసిపోయిందేమో. ఏమో! పనమ్మాయి వేలు చూపించుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. మూడు మూలల్లో చేతులు లేచాయి. ఊరుకోవే, పరాయి దేశం, వీళ్ళకి తెలియదా, నీ బోడి అనుమానం ఎవరిక్కావాలి అనుకున్నాను. మెట్ల మీద వందమంది ఎదురుచూస్తున్నారు. హొసకోటెలోనూ ఇలాగే అనుకున్నాను. అచ్చం ఇవే మాటలు.

రెండు చేతులూ తలపైకి ఎత్తి అడ్డంగా పెట్టాను. "ఆపప్పా! ఆపు! ఆపు!" అని అరిచాను. ఎక్కువ తక్కువలు చూసుకోకుండా, జాతరలో జనరేటరు మీదుగా అరిచే గొంతుతో అరిచాను.

ఎందుకని నన్ను ఎవరూ అడగలేదు. మూలన ఉన్న అమ్మాయి కూడా తలపైన చేతులు అడ్డం పెట్టేసింది. వాళ్ళ సైగ కూడా అదే! గదిలోని మనిషి మీట మీంచి చెయ్యి తీసేశాడు. నలుగురూ పరుగెత్తుకొచ్చారు. నేను ముందు వరస కడ్డీ వైపు వేలు చూపించి, "టక్. టక్ లేదు. ఒకటే" అన్నాను. లావణ్య సిగ్గుతో కుంచించుకుపోతూ, ఫోనులో ఆ ముక్క వాళ్ళ భాషలోకి మార్చి చూపించింది.

వాళ్ళు ఆ ముసలాయన కడ్డీ తీశారు. మళ్ళీ వేశారు. లాగారు, నొక్కారు. తర్వాత అన్ని వరసలూ మొదటి నుంచి విప్పి వేశారు. ఎక్కడా ఏ లోపమూ లేదు. కొక్కెం మొదటే సరిగ్గా పడిందట. తప్పు విన్నది నేనే. పది నిమిషాలు ఓడ ఆగిపోయింది. యాభైమంది సీట్లలో, వందమంది మెట్ల మీద ఉన్నారు. తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

అప్పుడు వాళ్ళ పెద్ద వచ్చాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా. నా సీటు పక్కన నిలబడి వంగి దణ్ణం పెట్టి, నెమ్మదిగా ఏదో చెప్పాడు. లావణ్య ఫోను చూసి చదివింది.

"చెప్పినందుకు థాంక్స్ అంటున్నాడమ్మా. అంతా బాగానే ఉందంట. మళ్ళీ అనుమానం వస్తే మళ్ళీ చెయ్యెత్తమంటున్నాడు. తప్పుగా ఎత్తినా ఫర్వాలేదంట."

ముందు వరస ముసలాయన కూడా వెనక్కి తిరిగి నాకు తలవంచాడు. మెట్ల మీద ఒక్క ఈల లేదు.

పది నిమిషాలు! అంతే కదా పోయింది! ఆ రోజు నేను చెయ్యెత్తి ఆపి ఉంటే హొసకోటెలో పోయేదీ ఆ పది నిమిషాలే. ఈలలు వేసేవాళ్ళు వేసేవాళ్ళు, తిట్టేవాళ్ళు తిట్టేవాళ్ళు, ఆ పాప ఏడ్చుకుంటూ దిగిపోయి ఏ ఐస్‌క్రీమో తినేది. దానికీ ధైర్యం చాలలేదు నాకు! ఓడ ఊగడం మొదలైంది. అందరూ సంతోషంతో అరుస్తున్నారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. లావణ్య నేను భయపడ్డాననుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నూడుల్స్ ఆరిపోయిన పూట

పార్కు బయట ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. లావు సేమ్యా లాంటి నూడుల్స్, వేడి చారు. పక్క బల్లల వాళ్ళు జుర్రుమని చప్పుడు చేస్తూ తింటున్నారు. ఇంట్లో అలా జుర్రితే మా అమ్మ వీపు పగలగొట్టేది. ఇక్కడ అదే మర్యాదట. నేను గిన్నె ముట్టుకోకుండా లావణ్యకి మొత్తం చెప్పాను. ఒళ్ళో కూర్చోబెట్టడం, ఒక్కటే టక్ రావడం, నా చెయ్యి దించడం, వరండాలో నోరు మూసుకోవడం, ఏదీ దాచలేదు.

అది చేతిలోని పుల్లలు కింద పెట్టింది.

"అమ్మా, ఇది ఎవరికీ చెప్పద్దు" అంది. "అయిపోయింది కదా. కాంప్రమైజ్ అయిపోయింది. ఇప్పుడు పోయి చెప్తే మళ్ళీ కేసు వేస్తే? నీకేమన్నా అయితే?"

"అయితే కానీ."

"ఆ పాప బాగానే ఉంది కదమ్మా!"

"పాప సంగతి కాదు. వాళ్ళమ్మ సంగతి. ఏడాది నుంచి ఆ ఇంట్లో శారదను పొడుచుకు తింటాంటారు. నాకు తెలుసు, ఆ ముసల్ది ఊరుకునే రకం కాదు. నేను చేసిన తప్పుకి అది మాటలు పడతాండాది."

"నువ్వు చెప్తే ఏం మారుతుంది?"

"నాకు తెలీదు. చెప్తా."

లావణ్య కళ్ళు తుడుచుకుని గిన్నె పక్కకి నెట్టేసింది. మేం తర్వాతి రోజు గుడికి వెళ్ళాం, పెద్ద బజారు చూశాం, మునిరాజుకి టోపీ కొన్నాం. అది నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేనూ బుజ్జగించలేదు. గుడి బాగుంది, కాళ్ళు నొప్పులు పుట్టాయి, అంతకుమించి ఆ రోజు గురించి చెప్పడానికి ఏమీ లేదు.

తిరుగు విమానం ఎక్కేముందు మునిరాజుకి ఫోన్ చేశాను. "ఓడ నిలబెడదాం. కొలతకర్ర ఒకటి చేయించు. ఒళ్ళో బిడ్డలు ఎక్కేది లేదు, కార్పొరేటరు మనవడైనా సరే. ఇంకమీద అంతా సరిగా ఉంటేనే నేను చెయ్యెత్తుతా, నీ పక్క నుంచి నువ్వు కూడా ఎత్తాల. ఇద్దరి చేతులూ లేవకపోతే మోటారు తిరిగేది లేదు" అన్నాను.

"అట్లయితే రౌండ్లు సగమైపోతాయి గదక్కా!"

"సగం తిప్పుదాం."

యలహంక

లావణ్య పని అయిపోవడంతో ఇద్దరం కలిసే వచ్చాం. బెంగుళూరులో దిగి టాక్సీ ఎక్కాక నేను డ్రైవరుతో, "హొసకోటె తర్వాతప్పా. ముందు యలహంక పాతవూరికి పోనీ" అన్నాను.

"అమ్మా, ఇంటికి పోయి స్నానం చేసి, నిద్రపోయి, రేపు పోదాం" అంది లావణ్య.

"రేపటికి నాకు బుద్ధి మారిపోతాది. నా సంగతి నాకు తెలుసు."

అది డ్రైవరుకి, "పాతవూర్లో ఎడమకి తీసుకోండి, నేను చెప్తా" అంది. ఇల్లు దానికి గుర్తే, అప్పట్లో పళ్ళు తీసుకుని చూడడానికి వచ్చింది. నేను రాలేదు.

శారద తలుపు తీసి నన్ను చూసి బిగుసుకుపోయింది. చిక్కిపోయి, మెడ ఎముకలు తేలి ఉంది. ముందు గదిలో హర్షిత చాప మీద బొమ్మకి రంగులు వేస్తోంది. కుడి మోచెయ్యి పూర్తిగా చాపలేక పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని వేస్తోంది. నన్ను గుర్తుపట్టలేదు. "ఎవరమ్మా?" అని అడిగి మళ్ళీ రంగుల్లో పడింది.

"ఏంటికొచ్చినావక్కా?" అంది శారద. కూర్చోమనలేదు. ఆమెదేం తప్పు లేదు.

నేనే చాప అంచున కూర్చున్నాను. ప్రయాణం పొడుగునా ఎన్నో మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"శారదా, ఆ దినం కడ్డీ పడలా. రెండు చప్పుళ్ళు రావాల, ఒకటే వచ్చింది. నాకు తెలుసు. తెలిసే చెయ్యి దించినా. జనం అరుస్తాండారని దించినా. నువ్వు అడిగితివి, నిజమే. కాదని చెప్పాల్సింది నేను. చెప్పలా. ఓడ ఆపాల్సింది నేను. ఆపలా. నీ చేతుల్లోంచి బిడ్డ జారలేదమ్మా. కడ్డీ లేచింది, నేను లేవనిచ్చినా. వరండాలో మీ అత్త నిన్ను అంటాంటే వింటా నిలబడినా."

లావణ్య గుమ్మం దగ్గర తలవంచుకుని నిలబడింది. శారద నన్ను తిడుతుందని, కొడుతుందని కూడా అనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను. ఆమె గోడకి చేరగిలబడి, రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"నేను గట్టిగానే పట్టుకున్నానా అక్కా?" అంది.

"గట్టిగానే పట్టుకున్నావు తల్లీ. ఆ ఊపులో ఎవరి చేతులూ ఆగవు."

ఆమె మొహం గట్టిపడింది. కొంగుతో కళ్ళు అద్దుకుని, ఫోను తీసి భర్తకి కలిపింది. "పని తర్వాత. పెట్టెయ్యొద్దు, వినాల నువ్వు" అని గట్టిగా చెప్పి, అందరికీ వినబడేలా చేసి బల్ల మీద పెట్టింది. తర్వాత లోపలి గది వైపు తిరిగి, ఆ ఇంట్లో అంత గొంతుతో ఎప్పుడూ పిలిచి ఉండదు, "అత్తా! ఇట్ల రా!" అని కేకేసింది.

ముసలావిడ విసుక్కుంటూ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"కుచ్చో అత్తా" అంది శారద. తాను మాత్రం నిలబడే ఉంది. నావైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పక్కా. నాకు చెప్పినట్టే, మొదటి నుంచి చెప్పు. ఒక్క మాట తగ్గద్దు."

నేను లేచి నిలబడి, మొదటి నుంచి చెప్పాను.